అంగుళమంత మనిషి

విక్టోరియా రాణి కాలపు సిపాయి బొమ్మ డబ్బాలోంచి బూడిదరంగులో బయటికొస్తుంది. నిలువెత్తు 28 మిల్లీమీటర్లు, అంగుళం కంటే కాస్త ఎక్కువ. కోటు మడతలు, తోలు పట్టీలు, బుగ్గ ఎముక, మీసం అన్నీ అచ్చులోనే పడి ఉంటాయి. అచ్చు పోసినవాడు తేల్చకుండా వదిలేసింది రంగు ఒక్కటే. దానితోపాటే ఈ మనిషి ఏ ఊరివాడు, ఎండలో ఎన్నాళ్లు నడిచాడు, కోటు కొత్తదా పాతదా అన్న ప్రశ్నలన్నీ కుంచె పట్టినవాడి మీద పడతాయి. తమిళనాడులోని బర్గూరులో, జవళి అంగళ్ల వీధికి దగ్గర్లో ఉన్న మా ఇంట్లో, ఈ ప్రశ్నలతో నా రాత్రులు చాలానే గడిచాయి. ఇది కాలక్షేపమని నాకెప్పుడూ అనిపించలేదు. ఒక మనిషిని ఇంతసేపు ఇంత దగ్గరగా చూసే అవకాశం నాకు వేరే ఏ పనిలోనూ దొరకలేదు.

ముందు బొమ్మను సబ్బునీళ్లతో కడిగి, ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. కొండపల్లి బొమ్మలకూ అంతే, తెల్లపొణికి కొయ్య చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూశాకే రంగులకు పోతారు. రంగు పట్టాలంటే కింద ఒక నేల ఉండాలి. ఆపైన పల్చటి పూతలు రెండు మూడు. మడతల్లోకి ముదురు రంగు పారనిచ్చి, మెరకల మీద లేత రంగు గీయాలి. ఇంత చిన్న ఒంటి మీద పడిన వెలుతురు తనంతట తాను నీడ చేయలేదు. పెద్ద మనిషికి సూర్యుడు ఉచితంగా ఇచ్చేదాన్ని చిన్న మనిషికి మనం చేత్తో వేయాలి.

కుంచె కూడా ఆ కాలానిదే. 1866లో విక్టోరియా రాణి తనకిష్టమైన ఏడో సైజులో అన్నిటికంటే మంచి నీటిరంగు కుంచెలు చేయమని విన్సర్ అండ్ న్యూటన్ వాళ్లను ఆజ్ఞాపించిందని చెబుతారు. అలా పుట్టిన సిరీస్ 7 కుంచెలంటే బొమ్మలకు రంగులేసేవాళ్లకు ఈనాటికీ మోజు.

కళ్ల దగ్గర మాత్రం మా పద్ధతి స్థపతుల పద్ధతికి ఎదురు. గుడి విగ్రహానికి కళ్లు తెరవడం చివరి పని. మాలో చాలామంది కళ్లు ముందే వేసేస్తారు. తెల్ల చుక్క పక్కకు జారితే చర్మం రంగుతో కప్పి సరిచేసుకోవచ్చని. కారణం మామూలుదే, ఫలితం మాత్రం మామూలుది కాదు. మొదటి గంటలోనే ఆ మనిషి నన్ను చూడడం మొదలుపెడతాడు. బొత్తాలు, పట్టీలు, బూట్లు, మిగతా పనంతా అతను చూస్తుండగానే చేయాలి.

ఎరుపు దగ్గర నేను బాగా ఆగిపోతాను. బ్రిటిష్ సైన్యంలో మామూలు సిపాయి కోటుకు మంజిష్ఠ జాతి వేరునుంచి తీసిన ఎరుపు, అధికారి కోటుకు కోచినీల్ పురుగులనుంచి తీసిన నిగనిగలాడే ఎరుపు చాలాకాలం వాడారు. దూరంనుంచి దళమంతా ఒకటే రంగు. దగ్గరికొస్తే హోదా గుడ్డలోనే తెలిసేది. చిరివేరుతో మన తూర్పు తీరంలో అద్దిన ఎరుపుకు అంతకుముందే ఐరోపాలో పేరుంది. 1869లో ఆ వేర్లలోని రంగు పదార్థాన్ని రసాయనంగా తయారుచేసే పద్ధతికి పేటెంట్లు వచ్చాక మంజిష్ఠ సాగు చూస్తుండగానే కూలిపోయింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఎండకు ఆ గుడ్డ ఏమవుతుందో మాత్రం మా వీధిలో ముసలి జవళి వ్యాపారిని అడిగి తెలుసుకున్నాను.

“ఎరుపు ముందర భుజాల మీద పోతాదప్పా. చంకల కింద కొత్త గుడ్డ మాదిరే ఉంటాది” అన్నాడాయన.

“పట్టీల కింద, తాతా?”

“ఆడా పోదు. పట్టీ తీసి చూస్తే గీత పడింటాది.”

అప్పటినుంచి భుజాల మీద ఎరుపును ఇటుకరంగుకు దించుతున్నాను. ఆ వెలిసిన భుజంలోనే ఆ మనిషి నడిచిన దారంతా ఉంది.

ఆ నడక చిన్నది కాదు. 1882లో ఈజిప్టులో తెల్-ఎల్-కెబీర్ దగ్గర, 1885లో సూడాన్‌లో తోఫ్రెక్ దగ్గర మద్రాసు సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంవాళ్లు, ఉన్నారు. వాళ్ల కేంద్రం మా పక్కనున్న బెంగళూరే. తెలుగు, తమిళ పల్లెలనుంచి పోయినవాళ్లు ఆ దళంలో ఉండేవారు. 1885 డిసెంబరు 30న, అదే సూడాన్‌లో, గినిస్ దగ్గర బ్రిటిష్ దళాలు ఎర్రకోట్లతో చివరి యుద్ధం చేశాయి. సీసాల్లో ‘చర్మం’ అన్న పేరుతో అమ్మే రంగు మాత్రం గులాబీ చాయది. సాపరు ముఖానికి గోధుమరంగు, పసుపుమన్ను, చిటికెడు ఎరుపు నేనే కలుపుకుంటాను. మా ఊరి ముఖాలు నాకు రోజూ కనబడతాయి కదా.

బొమ్మ సైనికులను గుల్లగా పోతపోసే పద్ధతిని విలియమ్ బ్రిటన్ సంస్థ 1893లో తెచ్చింది. ధర తగ్గింది, ఇంగ్లండు పిల్లల గదులు దళాలతో నిండిపోయాయి. సిపాయిలు, అధికారులు, బాకా ఊదేవాళ్లు, గుర్రపురౌతులు. ఇప్పటి డబ్బాల్లోనూ ముఖ్యంగా వీళ్లే. మన దేశంలో సైన్యం కదిలితే వెంట భిస్తీలు, గడ్డి కోసేవాళ్లు, డోలీ మోసే బోయీలు, ఎడ్లబండ్లవాళ్లు పెద్ద గుంపుగా నడిచేవారు. తోలుతిత్తిలో నీళ్లు మోసిన మనిషి లేకుండా ఆ ఎర్రకోటు ఒక పగలు కూడా గడిచేది కాదు. కొండపల్లి పనివాళ్లది వేరే చూపు. దశావతారాలు చేసిన చేయే తాటిచెట్టెక్కే కల్లుగీత మనిషినీ, దంపుళ్ల ఆడవాళ్లనూ చేస్తుంది, అంతే శ్రద్ధతో. బొమ్మల కొలువులో కింది మెట్టు మీద శెట్టీ శెట్టమ్మా సరుకులు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఎవరు బొమ్మ కావచ్చన్న విషయంలో మనవాళ్ల మనసు పెద్దది. అందుకే బొమ్మలు నిలబెట్టే నా పలకమీద ఇద్దరు సిపాయిలకు ఒక భిస్తీ తప్పక ఉంటాడు.

అయితే నేను ముట్టని బొమ్మ ఒకటుంది.

1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో మా బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. విక్టోరియా నాటికి మా ప్రాంతం సేలం జిల్లాలో భాగం. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత సామ్రాజ్ఞిగా చాటినప్పుడు ఇక్కడ కరువు నడుస్తోంది. 1876–78 కరువులో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో సేలం ఒకటి. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల్లో కూలీని రోజుకు ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి చిల్లరకూ దించాడు. అది ఒంటికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మద్రాసు సైన్యంలో పనిచేసిన విలోబీ వాలెస్ హూపర్ ఆ కరువు మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఎముకల మీద చర్మం, అంతే. నా సాపరు ఎంత విక్టోరియా కాలంవాడో వాళ్లూ అంతే.

వాళ్లను బొమ్మలుగా చేయవచ్చా? చేయకపోతే నా పలక ఆ కాలమంతా ఎర్రకోట్లదేనని చెబుతుంది. అది అబద్ధం. చేస్తే, ప్రక్కటెముకల మధ్య ముదురు రంగు పారనివ్వాలి, ఎముకల మీద లేత రంగు గీయాలి, దీపం దగ్గరికి తీసి చూసుకోవాలి. ఏ బొమ్మకైనా ఒక ఘడియ వస్తుంది, కుంచె దించి ‘బాగా కుదిరింది’ అనుకునే ఘడియ. ఆ డొక్కల గురించి నేనా మాట అనుకోలేను. చిన్నదిగా చేయడమంటే ఒక వస్తువును అరచేతిలోకి తీసుకోవడం, దాన్ని తిప్పి చూసే అధికారం పొందడం. కోటు వేసుకుని వరుసలో నిలబడ్డ మనిషిని అలా తీసుకుంటే, వరుసలోంచి విడదీసి ఒక్కడిగా చూసినట్టవుతుంది. అది అతనికి మేలే. ఆకలితో కూర్చున్న మనిషిని ఫోటో తీసినవాడు ఒకసారి అప్పటికే అలా తిప్పి చూశాడు. రెండోసారి ఆ పని నేను చేయను.

పని చేస్తున్న మనిషి సంగతి వేరని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ కరువులోనే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించారు. తట్టతో మట్టి మోసే ఆడమనిషికి ఒక పనుంది, ఒక అడుగుంది, చూపు తన దారి మీద ఉంది. ఆమె కూడా ఆకలితోనే ఉందని తెలుసు. ఈ తేడా ఎంతవరకు నిలుస్తుందో ఇంకా తూచుకుంటూనే ఉన్నాను. అయినా చేయి మొదలుపెట్టింది. ఒక సిపాయి కాళ్లు కోసి, ఎపాక్సీ పుట్టీతో చీర కడుతున్నాను. కుచ్చెళ్లు మోకాలి కిందికి రాకూడదు, మట్టిపనిలో అడ్డం. మెడలో ఏం వేయాలో అంగట్లో తాతను అడిగాను.

“గాజులు పెట్టుకో. నగ పెట్టొద్దప్పా, అది ఎప్పుడో అమ్మేసింటారు.”

చీరకు ముతక తెలుపు కలిపి, అంచుల్లో ఎర్రమట్టి పట్టిస్తున్నాను.