క్రిస్మస్ తాత సమాధి

2017 అక్టోబరులో టర్కీ నుంచి ఒక వార్త వచ్చింది. మధ్యధరా తీరంలోని దెమ్రె పట్టణంలో, పునీత నికొలస్ చర్చి నేల కింద రాడార్‌తో వెతికితే ఖాళీ జాగాల జాడ కనబడిందట. ఆ పునీతుడి సమాధి అక్కడే చెక్కుచెదరకుండా ఉండొచ్చని అధికారులు అన్నారు. క్రిస్మస్ తాతకు మూలపురుషుడు ఆయనే కదా! ఇక ఛలోక్తులకు కొదవేముంది? తాత పోయాడని పిల్లలకు ఎవరు చెప్పాలి, ఈ డిసెంబరులో బహుమతుల మాటేమిటి అని జనం తెగ నవ్వుకున్నారు.

నవ్వితే ఆయన కోప్పడతాడని నేననుకోను. 4వ శతాబ్దంలో మైరాకు బిషప్ ఆయన. దెమ్రెకు పాతకాలపు పేరే మైరా. ముగ్గురు కూతుళ్లకు కట్నం ఇవ్వలేని ఓ పేదతండ్రి ఇంట్లోకి, రాత్రివేళ కిటికీలోంచి బంగారం మూటలు విసిరి జారుకునేవాడని కథ. దానం చేసి దొంగలా పారిపోవడం! కట్నాల సంగతి తెలిసిన మనకు ఆ తండ్రి మొహం ఎలా వెలిగి ఉంటుందో వేరే చెప్పాలా?

అసలు తమాషా ఇటలీలో ఉంది. 1087లో బారి నగరపు నావికులు మైరా సమాధి పగలగొట్టి ఎముకలు పట్టుకుపోయారు. హడావుడిలో వాళ్లు వదిలేసిన ముక్కల్ని తర్వాత తామే తెచ్చుకున్నామని వెనిస్ వాళ్లంటారు. కాదు, బారి వాళ్లు మోసుకెళ్లినవి ఎవరో వేరే మతగురువు ఎముకలని టర్కీ వాదన. బారిలో మాత్రం ఆ ఎముకల రాకకు ఏటా మే నెలలో ఘనంగా పండుగ చేస్తారు. ఆ ఊరేగింపులో ఈ వాదన ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది!