లక్కమ్మ కొలత – మన పిల్లల లెక్క



వైశాఖ శుద్ధ తదియ బసవజయంతి. అక్షయతృతీయయు ఆ దినముననే వచ్చును. ఉదయము మఠమున షట్‌స్థల ధ్వజమునకు మ్రొక్కి, సాయంకాలము బంగారపు దుకాణము ముందు వరుసలో నిలుచు కుటుంబములు మనలోను కలవు. బంగారము కొనుట దోషమని నేను చెప్పను. అప్పు చేసి కొనుటను గూర్చియు, ఆ అప్పును పిల్లలకు తెలియనీయక దాచుటను గూర్చియు నాలుగు మాటలు విన్నవించదలచితిని.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భాండాగారమునకు అధికారి. ఆయనను భక్తిభాండారి అని కీర్తించుచు, ఆయన నిజముగనే ధనపు లెక్కలు చూచినవాడను సంగతిని మనము మరచుచున్నాము. పాల్కురికి సోమనాథకవి బసవపురాణమున ఒక ఘట్టము కలదు. రాజధనమును బసవన్న జంగములకు వెచ్చించుచున్నాడని కిట్టనివారు బిజ్జలునకు చాడీలు చెప్పిరి. భాండాగారమును లెక్కింపగా తరుగు కనబడలేదు. దీనిని మహిమగా చెప్పుకొందుము, అది సరియే. కాని ఇందు గృహస్థునకు పనికివచ్చు మరియొక సంగతి కలదు. లెక్క అడిగినందులకు బసవన్న కోపింపలేదు. పెట్టెలు తెరచి చూపెను.

మన ఇండ్లలో ఆ పెట్టె తెరచుచున్నామా? తండ్రి సంపాదన ఎంతయో కుమారునకు తెలియదు. కుమార్తె పెండ్లికి తెచ్చిన అప్పు ఎంతయో ఒక్కొక్కచోట ఇల్లాలికే తెలియదు. ఒకసారి ఎనిమిదవ తరగతి పిల్లలను సెల్‌ఫోను వెల, కిలో కందిపప్పు వెల వ్రాయుమంటిని. మొదటిది అందరును వ్రాసిరి. రెండవది వ్రాసినవారు కొందరే. ఆ ఫోను వెల మీ తండ్రిగారి ఎన్ని దినముల కష్టమునకు సమానమని అడుగగా తరగతి నిశ్శబ్దమైనది. వారిని తప్పుపట్టలేము. పూర్వము తల్లి కొంగుముడి విప్పి నాణెములు లెక్కపెట్టుచుండగా బిడ్డ చూచెడివాడు. ముడి సన్నబడుట కంటికి కనబడెడిది. ఇప్పుడు ఫోనుతో గీతల చతురమును చూపినంతనే సరకు చేతికి వచ్చుచున్నది. పోయినదేమో పిల్లవాడు చూడలేదు.

తెలుగులో అర్థమనగా ధనము, అర్థమనగా భావము. ఎక్కడినుండి వచ్చినదో తెలియని అర్థమునకు అర్థము లేదని తరగతిలో నేను చమత్కారముగా చెప్పుచుందును. కాయము, అనగా ఒడలు, వంచి చేయునది కాయకము. పొలమైనను, దుకాణమైనను, కార్యాలయమైనను, పిల్లవానిని ఒక దినము వెంట తీసికొనిపోయి ఆ శ్రమను చూపవలెను. ఇంటికి వచ్చు ప్రతి రూపాయికి ఒక ముఖము కలదని అప్పుడుగాని తెలియదు.

ఇక ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో జంగమదాసోహము జరుగుచుండెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు కొలత కంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మన కొలత కాదు, మిగిలినది అక్కడనే పోసి రమ్మని భర్తను పంపివేసెను. ఆ తల్లి వచనములు కొన్ని నేటికిని లభించుచున్నవి.

ఈ కథ చెప్పినప్పుడు తెలివిగల పిల్లవాడు తప్పక అడుగును: అట్లయిన మనము బ్యాంకులో దాచుట తప్పు కాదా? ఈ ప్రశ్నను దాటవేయరాదు. శరణులు రేపటి ఆశను నిరసించినమాట నిజము. పొదుపునకును ఆశకును నడుమ గీత ఎక్కడ? నాకు తోచినది చెప్పెదను. లక్కమ్మ త్రోసివేసినది తమ కాయకమునకు మించి వచ్చినదానిని. తాము తీసికొన్నచో మరియొకరికి తరుగు వచ్చుదానిని. రైతు ఇంట పంట రాగానే విత్తనపు గింజలను వేరుగా కట్టిపెట్టుదురు. ఎంత కరవు వచ్చినను దానిని వండుకొనరు. అది లోభమని ఎవ్వరును అనరు. పిల్లల చదువునకు, రోగమునకు, వార్ధక్యమునకు తీసిపెట్టునది విత్తనపు గింజ. పొరుగింటివారికంటె పెద్ద పందిరి వేయుటకు దాచునది గాని, తెచ్చునది గాని కొలతకు మించిన బియ్యము. దానిని కుప్పగా పెట్టిననేమి, అప్పుగా తెచ్చిననేమి!

అప్పు సంగతి మరికొంత చెప్పవలెను. మన ఇండ్లు కూలుచున్నది అక్కడనే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనగా వినుటకు స్వల్పము. లక్ష రూపాయలకు నెలకు 2,000, సంవత్సరమునకు 24,000. ఏబది నెలలు వడ్డీ మాత్రమే కట్టినచో లక్షయు పోవును, అసలు లక్ష కదలక నిలిచియుండును. ఇది బారువడ్డీ, చక్రవడ్డీ అయినచో చెప్పనే అక్కరలేదు. ఈ లెక్క ఏడవ తరగతి బాలుడు చేయగలడు. లింగధారణకో వివాహమునకో ఎంత వెచ్చింపవలెనని పెద్దలు కూర్చున్నప్పుడు ఆ బాలుని చేతికి పలకయో కాగితమో ఇచ్చి, ఈ లెక్క చేయించి అందరు వినునట్లు చదివింపుడు. లింగదీక్షకు గురువు, భక్తి, విభూతి కావలెను గాని వడ్డీవ్యాపారి కావలసిన పని లేదు.

ఆడపిల్లల విషయమున మన అలవాటు నాకు నచ్చదు. బిడ్డ పుట్టగనే పెండ్లి ఖర్చు మొదలుకొని తలచుచున్నాము. చదువు ఖర్చు తలచుట లేదు. స్త్రీకిని ఇష్టలింగమిచ్చి సమానముగా నిలిపిన సంప్రదాయము మనది. నెలకు 500 రూపాయలు తీసినను పదునెనిమిది ఏండ్లకు వడ్డీ కాక 1,08,000 అగును. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సుకన్య సమృద్ధి ఖాతాను పదేండ్లు నిండని బాలిక పేర తపాలా కార్యాలయమున తెరువవచ్చును. సంవత్సరమునకు కనీసము 250 రూపాయలు చాలును, పదునైదేండ్లు కట్టవలెను, తెరచిన నాటినుండి ఇరువదియొక్క ఏండ్లకు గడువు తీరును. పదునెనిమిది నిండిన పిమ్మట పైచదువునకు నిలువలో సగము వరకు తీసికొనవచ్చును. ఆ పాసుపుస్తకమును బీరువాలో దాచక బాలిక చేతనే అంకెలు చదివింపుడు. పదేండ్లు దాటిన పిల్లలు స్వయముగా పొదుపు ఖాతా తెరచి నడుపుకొనుటకు బ్యాంకులు అనుమతింపవచ్చునని భారతీయ రిజర్వు బ్యాంకు 2025లో తెలిపియున్నది. హద్దులు ఆయా బ్యాంకులవి.

పిల్లలకు కొంత సొమ్ము నెలనెల ఇచ్చి, పద్దు వారినే వ్రాయుమనుడు. చిరుతిండ్లకు అంతయు పోయినచో పోనిండు. నెలాఖరు వరకు మరల ఇయ్యవలదు. ఇచ్చట తాతయ్యలు, అమ్మమ్మలు కొంచెము మనసు గట్టిచేసికొనవలెను. చాటుగా ఇచ్చు పది రూపాయలు తండ్రి నెల దినముల బోధను చెరుపును.

దాసోహము మాత్రము మిగిలినదానిలోనుండి ఇయ్యవలసినది కాదని వారికి మొదటనే తెలియవలెను. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు, 2019లో లింగైక్యులగువరకు, వేలాది బాలురకు కులమతభేదము లేక అన్నము, అక్షరము, ఆశ్రయము ఇచ్చి పోషించిరి. ఆ వంటశాలకు పల్లెల రైతులు ధాన్యము తెచ్చి ఇత్తురు. బసవకల్యాణమునకు యాత్ర పోవు మన కుటుంబములు పిల్లలతో ఒకసారి అటును వెళ్లి, పంక్తిలో కూర్చుండుటకు ముందు వడ్డించు పని వారికి అప్పగింపవలెను. మఠమునకు సమర్పించు కానుక తండ్రి జేబునుండి తీసి బిడ్డ చేతిలో పెట్టి వేయించుట మనకు ఆచారమైనది. అది తండ్రి దాసోహము. బిడ్డ తన పద్దులోని సొమ్ములోనుండి ఐదు రూపాయలు తీయవలెనా, పది తీయవలెనా అని ఆలోచించుచు కొంతసేపు నిలుచుండును. ఆ కొంతసేపు మనము మాటాడక ఊరకుండవలెను.