అక్షహృదయము

తిరుమలలో శ్రీవారి ఆలయమునకు చేరువనే హాథీరామ్‌జీ మఠము కలదు. ఉత్తరదేశము నుండి వచ్చి కొండపై నిలిచిపోయిన బావాజీతో స్వామి రాత్రివేళల పాచికలాడెడివాడనియు, ఒకనాడు ఆట ముగియగనే తన కంఠహారమును అచ్చటనే విడిచిపోయెననియు, తెల్లవారి ఆ హారము బావాజీకడ కనబడగా ఆయనపై దొంగతనము మోపి, గదిలో నిర్బంధించి, గదినిండ చెరకు వేయించి, నీ మాట సత్యమైనచో ఉదయమునకు దీనినంతయు తినవలెనని శాసించిరనియు, స్వామియే ఏనుగు రూపమున వచ్చి ఆ చెరకు నమలి భక్తుని మాట నిలిపెననియు చెప్పుకొను కథ తిరుపతిలో ఎరుగని యిల్లు లేదు. 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణము ఈ మఠపు మహంతుల చేతిలో నుండెను. తొంబది యేండ్లు స్వామివారి లెక్కలు చూచిన సంస్థకు మూలపురుషుడు స్వామితో జూదమాడినవాడు. కథ వినువారందరు ఏనుగును తలచుకొని పరవశింతురు. నా మనస్సు మాత్రము పాచికల దగ్గర ఆగిపోవును. సర్వజ్ఞుడు పాచికలెట్లు పట్టును? పడబోవు పందెము ముందే తెలిసియుండి తెలియనట్లు కూర్చుండినచో అది వంచన. నిజముగనే తెలియనిచో సర్వజ్ఞత్వమునకు భంగము.

ఈ సందేహము నన్ను మరల పట్టుకొనుటకు కారణము మన పిల్లలు కొందరు ఆసక్తితో చదువుచున్న ఒక తరగతి ఆంగ్ల నవలలు. అవి అద్భుత సాహసగాథలు. మాంత్రికులు, వ్రతనిష్ఠ గల వీరులు, రెక్కలుగల మహాసర్పములు, పాడువడిన దుర్గములు వానినిండ నుండును. కాని వాని విశేషము అందులో లేదు. ఆ కథలలో ముఖ్యమైనవి రచయిత కలము పట్టుటకు ముందు నలుగురైదుగురు మిత్రులు బల్లచుట్టు కూర్చుండి ఆడిన ఆటలో పుట్టినవి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ జాతి ఆటలకు ఆద్యము. ఆడువారిలో ఒకడు సూత్రధారి. లోకమును కల్పించువాడతడే, ఏ గుహలో ఏమి పొంచియున్నదో, ఏ రాజు మనసులో ఏ కపటమున్నదో అతనికి తెలియును. తక్కినవారు తలకొక వేషము ధరింతురు: ఒకరు యోధుడు, ఒకరు మంత్రవేత్త, ఒకరు దొంగ. "నేనీ గోడ నెక్కెదను" అని యోధుడనును. ఎక్కగలడో జారిపడునో యోధుడు చెప్పజాలడు, లోకమంతయు కల్పించిన సూత్రధారియు చెప్పజాలడు; ఇరువది ముఖముల పాచిక దొరలి నిలిచిన పిమ్మటనే అది తేలును.

మనకును ఆటలు లేకపోలేదు. ముక్కోటి ఏకాదశినాటి జాగరణమునకు పరచు వైకుంఠపాళిలో పాములున్నవి, నిచ్చెనలున్నవి, పైవరుసలో పరమపదమున్నది. అయినను ఆడువాని ఇచ్ఛకు అందు సూదిమొన మోపు చోటు లేదు, పడిన పందెమే అతని కర్మ. చదరంగము దీనికి సరిగా ఎదురు. అందు సమస్తమును పురుషకారమే, దైవమునకు ప్రవేశము లేదు. దైవమును పురుషకారమును కలిసిననే కార్యము సిద్ధించునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పిన మాటకు సరిపడు ఆట ఏదియని వెదకినచో, వేషము ధరించి తన ఇచ్ఛ తాను పలికి, ఫలమును పాచికకు వదలు ఈ విదేశీయుల వినోదమే నాకు కనబడుచున్నది. కర్మయందే అధికారము, ఫలమునందు లేదు అని గీత చదివిన మనకు ఆ బల్ల దగ్గర కూర్చుండుట క్రొత్త కారాదు.

అయితే ఆట నవల యైనప్పుడు పాచికలేమగును? 1978లో ఆండ్రే నార్టన్ వ్రాసిన క్వాగ్ కీప్ ఈ తరగతిలో తొలిది. అందు ఆటగాండ్రు తమ ఆటలోని లోకమునకే ఈడ్వబడుదురు. వారి మణికట్టులకు ఊడదీయరాని కడియములుండును, ఆ కడియములకు పాచికలు పొదుగబడియుండును, ఆపద సమీపించినప్పుడు అవి తమంతట తిరుగును. తరువాతి రచయితలు పాచికలను ఇట్లు బాహాటముగ చూపలేదు. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ కలిసి 1984లో ప్రారంభించిన డ్రాగన్‌లాన్స్ నవలలలో రైస్ట్‌లిన్ అను మాంత్రికుడున్నాడు. శక్తికొరకు దేహమును ధారపోసినవాడు, కనుపాపలు ఇసుకగడియారముల ఆకారమున మారి, చూచిన ప్రతి వస్తువును క్షీణించుచున్నట్లే చూచువాడు. అతని గుసగుస స్వరము రచయితలు తలపోసినది కాదు. ఆటను పరీక్షించుచున్న రోజున ఆ పాత్ర ధరించిన మిత్రుడొకడు అప్పటికప్పుడు అట్లు మాట్లాడగా కూర్చున్నవారందరు నిశ్చేష్టులైరట. ఆ క్షణమున ఆ స్వరమునకు కర్త ఎవరు? పాత్రను కల్పించినవారా, పలికినవాడా, ఆనాటి ఆట తిరిగిన మలుపా? అదే గాథలో రెండవ నవల 1985లో వెలువడినది. అందు స్టర్మ్ అను వీరుడు తాను నమ్మిన నియమముకొరకు కోటగోడపై ఒంటరిగా నిలిచి, ఒకనాటి తన చెలి చేతిలోనే హతుడగును. అభిమన్యుని మరణమును విన్న చెవులకు ఆ ఘట్టము పరాయిదిగా తోచదు. పాచికపై అట్టి చావు ఊరక పడిన అంకె. పుటపై అది అతని స్వభావమునుండి తప్పక రావలసిన అంత్యము. ఆట యాదృచ్ఛికము, నవల విధి; యదృచ్ఛను విధిగా మార్చుటయే ఇట్టి రచయిత పని. మన పురాణకర్తలును చేసినది ఇదియే యని నా నమ్మకము; జరిగిపోయినదానిని లీల యని చెప్పగలిగిననాడే అది పురాణమైనది. ఈ తరగతిలో హీనమైన నవలలును కోకొల్లలు. వానిలో ప్రతి ప్రకరణమున ఒక పోరు, ఒక బహుమానము, ఒక మెట్టు. చదువుచున్నంతసేపు పాచికల గలగలయే వినబడును. వానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

వేషమును గూర్చి మాత్రము చాల చెప్పవలసియున్నది. 1980ల దశకమున అమెరికాలోని క్రైస్తవులలో కొందరు ఈ ఆటలపై ఘోరమైన అభియోగము తెచ్చిరి: మాంత్రికుని వేషము ధరించిన బాలుడు మాంత్రికుడే యగును, దొంగ వేషము ధరించినవానికి దొంగబుద్ధి యబ్బును, ఇది సైతానుని ద్వారము అని. వారి భయమును నేను తేలికగా త్రోసిపుచ్చను. వేషము మనిషిని మార్చునన్నది సత్యము. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూచినవారికి ఈ సత్యమును ఎవరును బోధింపనక్కరలేదు. స్త్రీలను చెరపట్టుచున్న పాలెగాని వధించుటకు గంగమ్మ వెడలగా వాడు దాగుకొనెను. తల్లి రోజుకొక వేషమున వెదకుచు తిరిగి, కడకు దొరవేషమున రాగా, తన ప్రభువే వచ్చెననుకొని వాడు బయటపడెను, తల తెగెను. ఆ వారము తిరుపతి వీధులలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషములు ఒకదాని వెనుక ఒకటి నడచును. మీసములు గొరిగించుకొని, చీర కట్టి, జడ వేసికొని, గాజులు తొడిగికొన్న మగవారు మ్రొక్కు తీర్చుకొనుటకు గుంపులుగా వత్తురు. బండవేషమునాడు భక్తుల నోట బూతులు వినబడును. ఆ నోటనే మరునాడు హారతిపాటయు వినబడును. ఆ బూతు ఎవరిది? తిట్టినవానిది కాదనియు, తల్లి దానిని తన సేవగా స్వీకరించుననియు ఊరంతయు ఎరుగును. మగవాడు స్త్రీవేషము ధరించుట ఆ బల్ల దగ్గరి ఆటలలోను కలదు. జపాన్‌లో 1986 నుండి ఒక పత్రికలో ప్రకటింపబడిన ఆటవృత్తాంతములనుండి ర్యో మిజునో 1988లో రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్ అను నవలను మలచెను. అందు చదువరులందరు ఆరాధించు డీడ్‌లిట్ అను వనకన్యను ఆ ఆటలో ధరించినది హిరోషి యమమోటో అను పురుషుడు. మన తిరుపతివాడు ఈ మాట విని ఏమాత్రము ఆశ్చర్యపడడు.

చిత్తూరు సీమ పల్లెలలో ధర్మరాజుగుళ్ల యెదుట పదునెనిమిది దినములు జరుగు భారతము ఈ విషయమున ఇంకను లోతైన సాక్ష్యము. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. తపసుమాను నాడు అర్జున వేషధారి ఆకాశమునంటు మానునెక్కి, మెట్టుమెట్టునకు పద్యము పాడుచు, పైనుండి నిమ్మకాయలను పూవులను విసరును. క్రింద సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో వరపడియుందురు. ఆ మానుపైనున్నవాడు నిన్నటివరకు శనగచేనిలో కలుపు తీసినవాడని వారందరు ఎరుగుదురు. ఎరిగియు కొంగు పట్టుదురు. ఆ నిమ్మకాయకు వరమిచ్చు శక్తి ఎచ్చటిది? అర్జునుని తపస్సుదా, వేషధారి నియమముదా, కొంగు పట్టిన తల్లి విశ్వాసముదా? మనకు పొరుగున తమిళుల తెరుకూత్తులో దుశ్శాసన వేషధారి చీరపై చేయి వేయబోవుముందు ద్రౌపదికి నమస్కరించి క్షమాపణ వేడుకొనును. అమెరికా క్రైస్తవులు తెచ్చిన అభియోగమునకు ఈ నమస్కారమే సమాధానమని నాకు తోచుచున్నది. వేషము ప్రమాదకరమే, అందుచేతనే దానికి ఆద్యంతములు, నియమములు, నమస్కారములు కావలెను. వాని నెరుగనివాడు వేషములో మునిగిపోవును. ఎరిగినవాడు వేషము ద్వారా తాను చేరజాలని చోటికి చేరును. విరాటుని కొలువులో కంకుడను పేర ధర్మరాజు మరల పాచికలు పట్టినవాడే. బృహన్నలను పొగడెనని విరాటుడు కోపించి పాచిక విసరగా ముఖమున నెత్తురు చిమ్మెను. సైరంధ్రి వేషమున నున్న ద్రౌపది ఆ నెత్తురు నేలపై పడనీయక పట్టెను. తాను సార్వభౌముడనని అతడు పలుకలేదు. ధరించిన వేషమునకు అతడెంత కట్టుబడెనో ఆ ఒక్క దెబ్బ చెప్పును. వానలకై మనవారు విరాటపర్వము చదివించుటలో ఈ ఘట్టమునకును పాలున్నదని అనుకొనుట నాకిష్టము.

ఇక స్వామి పాచికల సంగతి. శ్రీవైష్ణవులు అర్చావతారమునకు సౌలభ్యమును ప్రధానగుణముగా చెప్పుదురు. సర్వేశ్వరుడు అర్చకునికి అధీనుడై, అతడు మేలుకొలిపిన మేలుకొని, పెట్టినది భుజించి, పవళింపజేసిన పవళించును. తిరుమలలో సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు జరుగునది ఈ పారతంత్ర్యమే. బావాజీతో జూదమును ఈ సౌలభ్యము క్రిందనే జమకట్టి, బిడ్డతో ఆడు తండ్రివలె స్వామి కావలెనని ఓడెనని సమాధానపడువారున్నారు. నా కది చాలదు. కావలెనని ఓడినచో అది ఆట కాదు, బావాజీ గెలుపును గెలుపు కాదు. పాచికలు పట్టిన క్షణముననే స్వామి తన యెరుకను వాడనని ఒప్పుకొనినాడని నేను గ్రహింతును. ఎరుక పోలేదు, దానిని ప్రక్కన పెట్టినాడు. బల్ల దగ్గరి సూత్రధారియు చేయునది ఇదియే. తన లోకమును తానే కల్పించియు, దానిలో జరుగబోవుదానిని పాచికకు, ఎదుటివారి ఇచ్ఛకు వదలుకొనును. ఎదుటివారిని ప్రేమించనివాడు, గౌరవించనివాడు అట్లు వదలుకొనజాలడు.

దీనికి విరోధి యెవడో భారతము చూపినది. శకుని. అతడును ఫలము తెలిసినవాడే, కాని ఆ యెరుకను ప్రక్కన పెట్టక పట్టుకొనియే కూర్చుండెను. ద్యూతసభలోని అధర్మమంతయు అందుననే పుట్టినదని నా తలంపు. ఒకనికి అంతము తెలిసియుండగా మరియొకడు ఆడుచున్నానని భ్రమపడినాడు. నలుని కథయు ఇందులకు తోడ్పడును. కలి అతని దేహమున ప్రవేశించెను, ద్వాపరుడు పాచికలలో ప్రవేశించెను, రాజ్యము పోయెను. పిమ్మట ఋతుపర్ణుడను రాజు అశ్వవిద్యయగు అశ్వహృదయమునకు మారుగా పాచికల మర్మమగు అక్షహృదయము నుపదేశింపగా ఆ క్షణముననే కలి నలుని విడిచిపోయెను. బృహదశ్వుడను ఋషి అరణ్యమున ధర్మరాజునకు ఈ కథ చెప్పి ఆ విద్యనే ఉపదేశించెను. శకుని విద్యయు అక్షహృదయమును ఒకటియే యని అనువారుందురు. ఒకటి కాదని కలి నిష్క్రమణమే సాక్ష్యము చెప్పుచున్నది. మరల ఆడి గెలిచిన పిదప నలుడు తన రాజ్యమును గెలుచుకొన్న పుష్కరుని చంపక, అతని పాలు అతనికిచ్చి సగౌరవముగా పంపెను. శకుని ఎవ్వరికిని ఏదియు తిరిగి యియ్యలేదు.

కాబట్టి ఇట్టి నవల తెలుగున పుట్టవలెనని, అది చిత్తూరు సీమనుండియే రావలెనని నా కోరిక. అమెరికా మహాసర్పములను అరువు తెచ్చుకొననక్కరలేదు. భారతపు మిట్టలున్నవి, తపసుమాన్లున్నవి, దుర్యోధన వధనాడు పల్లె బయట వెల్లకిల పరచిన మట్టి విగ్రహమున్నది, దాని తొడపై గద మోపు భీమ వేషధారి యున్నాడు. ఆ పల్లె పిల్లలు నలుగురు బల్లచుట్టు కూర్చుండి పాండవుల వేషములు ధరింతురు గాక, ఒకడు సూత్రధారియై హస్తినను కల్పించును గాక. కాని ద్యూతసభ వచ్చినప్పుడు శకుని పాచికలు కాక నిజమైన పాచికలనే వేయవలెను. ధర్మరాజు గెలిచిన యెడల ఏమి వ్రాయవలెనో ఆ రచయితకు ముందుగా తెలియరాదు.