తాకిందా, తాకలేదా?

గాల్లోకి పళ్ళెం విసరడమూ ఒక ఆటేనా అని మీరు నవ్వవచ్చు. మా పెంబర్తి ఇత్తడి పళ్ళేన్ని అలా విసిరితే ఇంట్లోవాళ్ళు ఇల్లు పీకి పందిరేస్తారు, నిజమే. కానీ అమెరికాలో ఫ్రిస్బీ పుట్టింది పళ్ళెంతోనే. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రిస్బీ అన్న ఇంటిపేరుతో ఒక బేకరీ ఉండేది. అక్కడి మిఠాయి తినేసి, ఖాళీ రేకు పళ్ళేలను కాలేజీ కుర్రాళ్ళు ఒకరి మీదికొకరు విసురుకునేవారు. 1957లో వామో అనే బొమ్మల కంపెనీ ప్లాస్టిక్ పళ్ళెం అమ్మకానికి పెట్టి, అక్షరాలు కొంచెం మార్చి ఆ పేరే తగిలించింది.

ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్‌గ్రోవ్ పార్కులో ఈ పళ్ళేలతో గోల్ఫు ఆడడానికి మొదటి శాశ్వత మైదానం వేశాడు. గోల్ఫులో బంతి గుంతలో పడాలి. ఇక్కడ పళ్ళెం పాతిన గుంజకు తగలాలి. ఎన్ని తక్కువ విసుర్లలో అన్ని గుంజల్నీ ముట్టిస్తే అంత గొప్ప. అంతా బాగానే ఉంది గానీ, తగిలిందని ఒకడూ, తగల్లేదని ఇంకొకడూ తగవు. ఆ గోలకు విసుగెత్తి హెడ్రిక్ గుంజ చుట్టూ ఇనపగొలుసులు వేలాడదీసి, కింద బుట్ట కట్టాడు. 1977లో దానికి పేటెంటు వచ్చింది. పళ్ళెం తగిలితే గొలుసులు గలగలమంటాయి, పళ్ళెం బుట్టలో పడుతుంది. ఇక వాదన ఏముంది? ఆయన 2002లో పోయినప్పుడు, కోరిక ప్రకారం చితాభస్మాన్ని కూడా డిస్కుల్లో కలిపి పోతపోశారట. మనం గోదాట్లో కలుపుతాం, వాళ్ళు గాల్లో కలుపుకున్నారు.

మా జనగామ కాలనీ పార్కులో గొలుసులూ లేవు, బుట్టలూ లేవు. మా అక్క కొడుకు డల్లాస్ నుంచి తెచ్చిన మూడు డిస్కులున్నాయి, తొమ్మిది చెట్లున్నాయి. వేపలు ఆరు, కానుగలు మూడు. చుట్టూ నడిచేవాళ్ళు పోయాక, పొద్దు వాలకముందు ఒక ముప్పావు గంట మాదే రాజ్యం.

ఆటగాళ్ళలో పెద్ద మా చిన్నాయన. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కంటి నరం దెబ్బతిని ఇప్పుడు ఆయనకు వెలుగూ నీడా తప్ప తెలియవు. మనుమరాలు చెట్టు వెనక నిలబడి చప్పట్లు కొడుతుంది, ఆ దిక్కుకు విసురుతాడు. శబ్దభేది అన్నమాట. (ఆ విద్య దశరథుడికి కలిసిరాలేదనుకోండి.) ఎనిమిదేళ్ళ ఆ పిల్లే లెక్క చెప్పాలి.

ఒకనాడు డిస్కు చెట్టుకు బారెడు దూరంలో గడ్డిలో పడింది. ఆరో విసురు అది. పిల్ల గట్టిగా, "తాతా, తాకింది!" అంది.

"తాకిందా? సప్పుడు రాలేదు గదనే," అన్నాడాయన.

పిల్ల నా వంక చూసింది. నేను పలకలేదు. చిన్నాయన కాసేపు నిలబడి, "ఏడోది ఇయ్యి, బిడ్డా," అన్నాడు. అంతే. కోపమూ లేదు, నీతివాక్యమూ లేదు.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? ముసలాయన సంతోషపడాలనే కదా! డబ్బు పందెం లేదు, కప్పు లేదు, ఓడిపోయేవాడు లేడు. ఎవరికీ నష్టం లేని అబద్ధం అబద్ధమేనా?

బీఏలో ఫిలాసఫీ పేపర్లో ప్లేటో కథ ఒకటి చదివాం. గైజిస్ అనే గొర్రెల కాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. తిప్పితే మనిషి కనబడడు. అలాంటి ఉంగరం చేతికొస్తే ఎవడైనా న్యాయంగా ఉంటాడా అన్నది ప్రశ్న. మా లెక్చరరు దాన్ని దొంగల సంగతిగా చెప్పి వదిలేశారు. కానీ చూపు పోయిన మనిషి ముందు మనమంతా ఆ ఉంగరం పెట్టుకున్నవాళ్ళమే! మనం కోరుకోకుండానే వేలికి ఎక్కింది. దానితో దొంగతనం చేసేవాడు ఒక్కడుంటే, దయ చూపించేవాళ్ళు పదిమంది. ఆ దయే నాకు అనుమానంగా ఉంటుంది. "నీకు నిజం అక్కర్లేదులే, సంతోషం చాలు" అని ఆయన తరఫున మనమే తీర్మానం చేసేస్తాం. పసిపిల్లల్నీ, జబ్బుమనుషుల్నీ, ముసలివాళ్ళనీ కలిపి ఒకే గాటన కట్టేస్తాం.

సంజయుడు అలా చేశాడా? కొడుకులు ఒక్కొక్కరే కూలుతుంటే గుడ్డిరాజుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక పూట అబద్ధమాడితే ధృతరాష్ట్రుడు హాయిగా భోంచేసి ఉండేవాడు. కానీ అప్పుడు ఆయనకు యుద్ధం ఉండేది కాదు, సంజయుడి కట్టుకథే ఉండేది.

చిన్నాయనకు లెక్కంటే ఎందుకంత పట్టుదలో ఆయన గనుల మాటలు విన్నవాళ్ళకు తెలుస్తుంది. దిగిన ప్రతి మనిషికీ టోపీ దీపం ఇస్తారు, షిఫ్టు దిగాక ఆ దీపం తిరిగి దాని గూట్లోకి రావాలి. ఒక గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. అక్కడ ఎవరినో సంతోషపెట్టడానికి "అందరూ వచ్చేశారు" అనడం కుదురుతుందా?

ఆయన పెరిగింది మానుకోట పక్క పల్లెలో. అప్పటికది మహబూబాబాద్ జిల్లా కాదు, 2016 దాకా అన్నీ వరంగల్లు జిల్లాయే. అక్కడి చిర్రగోనె పద్ధతి ఆయన చెబుతుంటే హెడ్రిక్ గారి గొలుసులకన్నా నాకదే తెలివైనదనిపించింది. చిర్ర ఎగరగొట్టినవాడు దూరం కంటితో చూసి, ఇన్ని గోనెలు అని తనే అడుగుతాడు. అవతలివాళ్ళు నమ్మితే ఇచ్చేస్తారు. అనుమానముంటే గోనెతో కొలుస్తారు. అడిగినదానికి తక్కువొస్తే వాడి ఆట పోయింది. నమ్మకమూ ఉంది, కొలిచే హక్కూ ఉంది. చూపు పోయినవాడికి పోయింది ఆ రెండోదే.

పిల్లకు ఇదంతా నేను చెప్పలేదు. అమెరికా గొలుసుల సంగతి మాత్రం చెప్పాను. మర్నాడు పాతవి పాలపొడి డబ్బా మూతలు పోగేసి, పురికొసతో తొమ్మిది చెట్లకూ గుత్తులుగా కట్టింది. చిన్నాయన మొదటి వేపకు నాలుగో విసురుకే మోగించాడు. ఆ మోత విని ఆయన ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను.

రెండో చెట్టు దగ్గర ఆయన విసరకముందే గాలొచ్చి మూతలన్నీ గలగలమన్నాయి. చేతిలో డిస్కు అలాగే పట్టుకుని, "ఇది ఎవరి ఖాతాల రాస్తవే?" అన్నాడు.