కట్టు విప్పాక కండ సంగతి

జూరాల నీళ్లకింద పొలాల్లో దినమంతా ఎండలో వంగి పనిచేసే ధరూర్ ఊరి అమ్మకు డి విటమిన్ తక్కువేమిటి అనుకుంటాం. కానీ తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లె జనంలోనూ ఆ లోటు బయటపడింది.

ఎముక విరిగి కట్టుపడితే, కదలని కండ వారాల్లోనే సన్నబడుతుంది. డి కూడా తక్కువైతే తొడల్లో సత్తువ సడలి, లేచేటప్పుడు తూలి మళ్లీ పడతారు. లోటున్నవారికి డి మందు మేలే. లేనివారికి అదనంగా కండ పెట్టదు. వారానికొకటి రాసిచ్చిన 60,000 యూనిట్ల గోళీని దయచేసి రోజూ మింగకండి, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఆస్ట్రేలియాలో ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల డి వేసుకున్న వృద్ధ స్త్రీలు వేసుకోనివారికంటే ఎక్కువగా పడ్డారని 2010లో తేలింది.

గోళీ ఒక్కటే కండను తిరిగి తేలేదు. డాక్టరును అడిగి, మంచం మీదే తొడ బిగించి వదలడం మొదలుపెట్టండి. పూటపూటా పప్పో గుడ్డో, ఒక గిన్నె పెరుగో తినండి.