విశ్రాంతి కూడా ఒక హక్కే



ఆదివారం దుకాణం మూసేస్తాం, ఆఫీసుకు వెళ్ళం. కాని మనసుకు మాత్రం సెలవు ఉండదు. పిల్లవాడు పక్కన కూర్చుని ఏదో చెబుతుంటాడు. మన చూపు సెల్‌ఫోన్ మీద, ఆలోచన సోమవారం లెక్కల మీద!

నిద్రను విశ్రాంతి కోసం, పగటిని జీవనోపాధి కోసం చేశానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని 'నబా' సూరాలో తెలియజేశాడు. కనుక విశ్రాంతి సోమరితనం కాదు, దైవానుగ్రహం.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాలలో, రాత్రి నమాజులలో గడిపేవారు. వారింటికి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయన శ్రీమతి దీనస్థితిని గమనించారు. ఆయన చేత భోజనం చేయించారు, రాత్రి పడుకోమన్నారు. చివరి జామున లేపగా ఇద్దరూ నమాజు చేశారు. ప్రభువుకూ, శరీరానికీ, ఇంటివారికీ మనపై హక్కులున్నాయని సల్మాన్ (రజి) బోధించారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు.

ఆరాధన పేరుతోనే ఇంటివారి హక్కును హరించరాదంటే, వ్యాపారం పేరుతో ఎలా హరించగలం?

జుమా అజాన్ వినగానే బేరం వదిలేస్తాం కదా! సెలవునాడు అసర్ తర్వాత ఫోనును కూడా అలాగే పక్కన పెట్టి ఇంటివారితో కూర్చుందాం. అయితే సెలవు పేరిట ఫజ్ర్ నమాజును నిద్రకు బలి చేయరాదు. సల్మాన్ (రజి) పడుకోమన్నది మళ్ళీ లేపడానికే!

అల్లాహ్ మనందరికీ ఈ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.