చూపు ఆగే చోటు

2015 జూలై, వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్. మూడో సెట్‌లో సానియా మీర్జా, మార్టినా హింగిస్ జంట 2-5తో వెనకబడింది. ఇంకొక్క గేమ్ పోతే కప్పు రష్యా జంటదే. అక్కణ్నుంచి ఒక్కో గేమే లాక్కొచ్చి 5-5 చేశారు. వెలుతురు తగ్గిందని ఆట ఆపి, సెంటర్ కోర్టు పైకప్పు మూసి, లైట్లు వేశారు. ఆ తర్వాత రెండే గేములు. రెండూ వీళ్లవే. అంతకు ఏడేళ్ల ముందు మణికట్టు గాయంతో తల దువ్వుకోవడం కూడా కష్టమైందని సానియా చెప్పుకున్నారు. ఆ చేత్తోనే ఈ గెలుపు.

ఇంతటి ఆట మనలో ఎంతమందికి గుర్తుంది? ఆమె పేరెత్తితే ఇళ్లలో వచ్చే మాటలు వేరు. 2005లో స్కర్టు పొడవు మీద సాగిన రభస, 2010లో పెళ్లి, ఇంటి ముందు బారులు తీరిన టీవీ వ్యాన్లు. వాటిని మనమేమీ పనిగట్టుకుని గుర్తుపెట్టుకోలేదు. పదేపదే చూపించారు, మనసులో పాతుకుపోయాయి. అబద్ధం రాస్తే ఖండించవచ్చు. నిజాల్లోంచే కొన్నింటిని ఏరి రోజూ కళ్లముందు పెడితే, దేన్నని ఖండిస్తాం?

2016లో ఆమె ఆత్మకథ వచ్చింది. అప్పటికామె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. టీవీ ఇంటర్వ్యూలో ఒక పేరున్న జర్నలిస్టు, జీవితంలో ఎప్పుడు సెటిలవుతారని అడిగారు, పిల్లల మాట ఎత్తారు. నంబర్ వన్‌గా ఉన్నా సెటిలవనట్టేనా అన్న అర్థంలో ఆమె నిబ్బరంగా జవాబిచ్చారు. ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణకు నేను విలువిస్తాను.

ఎందుకంటే ఆ ప్రశ్న స్టూడియోలో పుట్టింది కాదు. పెళ్లి భోజనాల దగ్గర, ఉద్యోగంలో పైకొచ్చిన ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "ఇంకెప్పుడే తల్లీ?" అని అడిగేది మనవాళ్లే. ఆ పిల్ల ఆఫీసులో ఏం సాధించిందో అడగాలని ఎవరికీ తోచదు. మన నోట్లోని మాటే టీవీలోకి వెళ్లి, పెద్దరికం తెచ్చుకుని మళ్లీ మన ఇంటికొస్తుంది.

ఈ మధ్య ఒక అలవాటు చేసుకుంటున్నాను. పేరున్న స్త్రీ గురించి వార్త కనబడితే, ఆమె చేసిన పనేమిటో ముందు వెతుకుతాను. విడాకుల కథనాలు, పాత ఫొటోలతో అల్లిన ఊహాగానాలు తెరవను. తెరవకపోవడం ఆమెకు నేనివ్వగల మర్యాద. నా మనసుకూ అది తెరిపిగానే ఉంది, ఎవరి సంసారానికో తీర్పరిగా కూర్చోవలసిన పని తప్పింది.

సానియాకు 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్లీ రాకెట్ పట్టి హోబర్ట్ టోర్నీ ఆడారు. ఉక్రెయిన్ అమ్మాయి నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచారు. ఫైనల్లో రెండు సెట్లూ 6-4.